ఆళ్లగడ్డలో చెక్కించిన పేరు

పెద్దవీధిలో ఇల్లు కొన్న నెలకు, పేరు రాయి కోసం నేనూ మా అమ్మా ఆళ్లగడ్డ బయల్దేరాం. రెండు వేల నాలుగు, ఫిబ్రవరి. శనగ కోతల రోజులు.

మా ఊరు నంద్యాలకు పది కిలోమీటర్లు. ఊరి మొదట్లో గవిని అనే పాత కోట ద్వారం, రాతి మిద్దెలు, ఇత్తడి బొడిపెల తలుపులు, వాకిట్లో ట్రాక్టర్లు. డబ్బూ చరిత్రా రెండూ ఉన్న ఊరు. మేం కొన్న మిద్దెలో అమ్మ ముప్పై ఏళ్లు పనిచేసింది. గోడలకు సున్నం కొట్టింది, గచ్చు కడిగింది, ఊరి చివరి మా కాలనీ నుంచి పెరటి తలుపులోంచే వచ్చిపోయింది. యజమానులు హైదరాబాదు వెళ్లిపోతూ అమ్మకానికి పెడితే, నంద్యాలలో నర్సుగా పనిచేస్తున్న నేను కొన్నాను.

బయల్దేరే ముందు రోజు ఊరి పెద్దాయన వచ్చి మర్యాదగానే మాట్లాడాడు. మేం ఆ ఇంట్లో ఉంటే ఎవరికీ అభ్యంతరం లేదట, ముందు గోడ మీద పేరు మాత్రం వద్దట. రాయి పెట్టొద్దని ఊళ్లో మేస్త్రీలకు అప్పటికే చెప్పి ఉంచాడు. ఆయన వెళ్లాక, పేరు సంగతి మానుకోమంది అమ్మ. నేను పొద్దున బస్సు వేళ చెప్పి పడుకున్నాను.

ఏడుంపావుకు పల్లె బస్సు ఎక్కి ఎనిమిదికల్లా నంద్యాల చేరాం. బస్టాండు ఎదుట ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఎనిమిదిన్నరకు ఆళ్లగడ్డ బస్సు. ఈ దారిన వెళ్లేవాళ్లు ఎడమ వైపు కూర్చోండి. నల్లమల చాలా దూరం మీతోనే వస్తుంది.

శిరివెళ్లలో గాజుల మూటతో ఒక ముసలాయన ఎక్కి మా ముందు సీట్లో కూర్చున్నాడు. యాడికి పోతాండారని అడిగాడు. చెప్పాను. మా ఊరి పేరు వినగానే పూర్తిగా వెనక్కి తిరిగాడు.

"పెద్దవీధిలోనా? నలభై ఏండ్లు ఆడ గాజులమ్మినా తల్లీ. అరుగు మీద కూచోమన్నోళ్లు ల్యారు."

"ఈసారి వచ్చినప్పుడు మా అరుగు మీద కూచోప్పా," అంది అమ్మ. అన్నాక తనే భయపడినట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తొమ్మిదీ నలభైకి ఆళ్లగడ్డలో దిగాం. బస్టాండు నుంచి పది నిమిషాలు నడిస్తే ఉలుల చప్పుడు వినిపిస్తుంది. శిల్పుల షెడ్ల ముందు కళ్లు ఇంకా తెరవని అమ్మవార్లు, కాళ్లు లేని నందులు. బ్రహ్మయ్య అనే పెద్ద శిల్పికి ముందే కబురు పంపాను కాబట్టి నల్లరాయి పలక నునుపు చేసి ఉంచాడు. ఎవరి పేరు రాయల్లని అడిగాడు. నేను అమ్మను చూపించాను. నా పేరే చెక్కిస్తానని అనుకున్న అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"పేరేందమ్మా?" అన్నాడాయన.

"ఓబులి," అంది అమ్మ. ఊళ్లో చిన్నపిల్లలు కూడా అలాగే పిలుస్తారు.

"ఓబులమ్మ," అన్నాను నేను.

బ్రహ్మయ్య సుద్దముక్క పట్టుకుని ఆగాడు. అమ్మ మళ్లీ దగ్గరికొచ్చి పలక అంచు తడిమింది. వద్దనేస్తుందేమో అనుకున్నాను.

"రాసినాంక చెరపొచ్చా, అప్పా?"

"పైపైన కొడితే రుద్దేయొచ్చు. లోతుగా కొడితే రాయి పగలగొట్టల్ల."

"అట్లయితే లోతుగా కొట్టు," అంది అమ్మ.

మధ్యాహ్నం పక్క సందులో జొన్నరొట్టె, పప్పు తిన్నాం. మిగతా సమయమంతా అమ్మ ఆయన ఎదురుగానే కూర్చుంది. ఒక్కో అక్షరం పూర్తవగానే అదేమిటని అడిగింది. మూడు గంటలకు రాయిని గోతంలో చుట్టి ఇచ్చాడు. నంద్యాల బస్సులో కండక్టరు సామాను టికెట్టు కొట్టి డ్రైవరు వెనక పెట్టించాడు.

సాయంత్రం అయిదున్నరకు నంద్యాలలో మా ఊరి బస్సు ఎక్కాం. టౌనులో ఎరువుల అంగడి నడిపే, ఊరి పెద్దాయన తమ్ముడూ అదే బస్సు ఎక్కాడు. ఆయన్ని చూస్తే అమ్మ ఎప్పుడూ లేచి నిలబడేది. ఆ రోజు లేవలేదు.

"ఏం ఓబులీ, గోతంలో ఏందీ?"

"పేరు, సామీ. ఓబులమ్మ అని కొట్టించినా. ముందర గోడకు."

ఆయన గోతం వైపు చూసి, మేస్త్రీ యాడ దొరుకుతాడని అడిగాడు.

"మేస్త్రీ ఎందుకు? ఆ గోడకు ముప్పై ఏండ్లు సున్నం కొట్టినా. రాయి నేనే పెడతా."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. నేను గోతాన్ని సీటు కిందికి నెట్టబోతే అమ్మ కాలు అడ్డం పెట్టింది. రానూ పోనూ వంద కిలోమీటర్లు తిరిగాం. నేను అమ్మకు ధైర్యం చెప్పడానికి బయల్దేరాననుకున్నాను. తిరుగు దారిలో ఆమె పక్కన కూర్చుని నేనే కొంచెం అరువు తెచ్చుకున్నాను.

మామూలుగా మేం చివరి స్టాపులో, కాలనీ దగ్గర దిగుతాం. గవిని కనపడగానే అమ్మ లేచి, గోతం ఒక కొస తను పట్టుకుని, బస్సు పెద్దవీధి మొదట్లో ఆపమంది. డ్రైవరు ఆపాడు.