పేరు లేని వరుస

మా వదినను ఇంట్లో అందరం ‘ఎందుకమ్మ’ అంటాం. ఫ్యాను ఆగితే మేం కిటికీలు తీస్తాం, ఆవిడ ఎందుకాగిందో చూస్తానని స్టూలెక్కుతుంది. కంటి ఆసుపత్రి వాళ్లు ఏం చూసి ఆవిడకు రికార్డుల గదిలో ఉద్యోగమిచ్చారో గానీ, ఆ గుణం వాళ్లకు బాగానే అక్కరకొచ్చింది.

ఆపరేషన్‌కు పిలవాల్సినవాళ్ల పట్టిక రోజూ కంప్యూటర్లోంచి తీసేది ఆవిడే. అందుకొక క్వెరీ, అంటే కంప్యూటర్‌ను అడిగే ప్రశ్న, రాసిపెట్టుకుంది. పైన వేరియబుల్‌లో, అంటే రోజూ మారే విలువ రాసే చోట, తేదీ మారిస్తే చాలు, కిందంతా ఆ రోజుకు మారిపోతుంది. ఇంటిపేరొక గడిలో, పేరొక గడిలో ఉంటే మైకులో చదివే కాంపౌండర్ తికమకపడుతున్నాడని, ఈమధ్యే రెండూ కలిసి ఒకే గడిలో వచ్చేలా చేసింది. చేసి ఊరుకుందా? ఇంటికొచ్చి డప్పు కొట్టుకుంది కూడా.

అప్పట్నుంచీ ఒక టైలర్ రోజూ వచ్చి, సాయంత్రం దాకా కూర్చుని పోతున్నాడు. చూపు మసకబారి సూదిలో దారం ఎక్కించలేకపోతున్నాడు. ఈ నెలలో ఆపరేషన్ కాకపోతే కొట్టు యజమాని వేరేవాణ్ని పెట్టుకుంటానన్నాడట. కాంపౌండర్‌ను అడిగితే, పిలిచినప్పుడు పలకాలి గదా, పలకనివాళ్లు మర్నాటి పట్టికలోకి పోతారు అని కసిరాడు. పిలిస్తే గదా పాపం, పలకడానికి!

ఈ సంగతి వదిన చెవిన పడింది. కాంపౌండర్ చదివే పట్టిక కాగితం తెప్పించి చూసింది. ఒక వరుసలో నంబరుంది, పేరు లేదు. ప్రింటరు పొరపాటనుకుని కాంపౌండర్ రోజూ దాన్ని దాటేస్తున్నాడు. ‘ఎందుకు’ అని అడక్కుండా వదిన ఊరుకుంటుందా? అసలు రికార్డు తెరిచింది. అక్కడ టైలర్ పేరు నిక్షేపంగా ఉంది. ఇంటిపేరు గడే ఖాళీ. అనాథాశ్రమంలో పెరిగిన మనిషి, ఇంటిపేరు ఎక్కణ్నుంచి తెస్తాడు? కంప్యూటర్ లెక్కలో ఆ ఖాళీ ‘నల్’, అంటే తెలియనిది. తెలియనిదాన్ని దేనితో కలిపినా తెలియనిదే వస్తుంది. లేని ఇంటిపేరు ఉన్న పేరును మింగేసింది. కలిపింది తనే కాబట్టి వదిన ముఖం పాలిపోయింది.

ఆ గడిలో ఏదో ఒకటి టైపు కొట్టేయమన్నాడు కాంపౌండర్. వదినకు మనసొప్పలేదు. టైలర్‌ను లోపలికి పిలిచి, కుర్చీ వేసి, జరిగిందంతా చెప్పింది. తప్పు తనదేనంది. ఇంటిపేరు చోట ఏం రాయమంటారని అడిగింది.

ఆయన తల అడ్డంగా ఊపాడు.

“లేనిది లేనట్టే ఉండనీ అమ్మా. ఉన్నదాంతో పిలవండి, చాలు.”

వదిన క్వెరీలో అదే రాసింది. ఇంటిపేరు తెలియకపోతే దాన్ని వదిలేసి, పేరొక్కటే ఇవ్వమంది.

మర్నాడు మైకులో తన పేరు వినగానే టైలర్ లేచాడు. తిన్నగా కాంపౌండర్ దగ్గరికెళ్లి, ఇంకొక్కసారి పిలవమని అడిగాడు. ఎప్పుడూ కసిరే ఆ మనిషి, మైకు దగ్గరికి లాక్కుని మళ్లీ పిలిచాడు.