గడప నుంచి నలభై అడుగులు

మా నాన్న పనిచేసింది రిగ్గు మీదే. కాకపోతే అది కాకినాడ అవతల సముద్రంలో ఉండేది, చమురు కోసం తవ్వేది. కనిగిరి పక్క మా ఊళ్ళో రిగ్గంటే బోర్లేసే లారీ. సముద్రంలో పైపులు బిగించే పని ఆయనదని నేనెంత చెప్పినా, "అదేలే పాపా, భూమిలో ఏముందో మీ నాన్నకి తెలుసు" అనేవాళ్ళు. చెప్పీ చెప్పీ నాకే అనుమానమొచ్చేది, నిజంగా తెలుసేమోనని.

ఇరవై ఎనిమిది రోజులు సముద్రంలో, ఇరవై ఎనిమిది రోజులు ఇంట్లో. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ నాకు జడలు వేసేది ఆయనే, క్యారేజీ కట్టేది ఆయనే, అమ్మ కాళ్ళ పగుళ్ళకి ఆముదం రాసేదీ ఆయనే. మగాడు పెళ్ళాం కాళ్ళు పట్టుకోవడమేంటని మా మేనత్త మూతి తిప్పుకునేది. ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు.

మా ఇంటి వెనకే చేను. పాత బోరు ఆ చివర, వాగు పక్కన ఉండేది. కరెంటు ఎప్పుడిస్తే అప్పుడు అమ్మ తుమ్మముళ్ళు తొక్కుకుంటూ అంతదూరం పరిగెత్తాలి. అది ఎండిపోయిన ఏడు మిరప పూత మీదుంది. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని భూమిలో నీళ్ళు చూసే ఆయన్ని పిలుద్దామని అమ్మ అంటే నాన్న నవ్వాడు. పోనీ మీరే చూపించండంటే, నాకు తెలియదన్నాడు. అమ్మకి ఒళ్ళు మండింది.

"మీరు చూపించరు, చూపించేవాణ్ణి పిలవనివ్వరు. అమ్మా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది మీ యవ్వారం."

మర్నాడు పొద్దున్నే నాన్న చేలో ఒక రాయి పెట్టొచ్చాడు. అక్కడ వేస్తే రెండున్నర అంగుళాల నీళ్ళు పడ్డాయి. ఊరు ఊరంతా మా చేనుకీ చూపించమని మా ఇంటి ముందు చేరింది. సెలవు ఇంకా నాలుగు రోజులుండగానే ఆయన డ్యూటీకి పారిపోయాడు. పోయేముందు నా జడ అల్లుతూ అన్నాడు: "ఎవరికీ చెప్పమాకు. నీళ్ళ సంగతి నాకేం తెలుసే? మీ అమ్మ నడవలేకపోతందని గడప నుంచి నలభై అడుగులు లెక్కపెట్టా, అంతే."

నేనెవరికీ చెప్పలేదు. నిజంగానే ఆయనకేమీ తెలియదో, తెలిసే అలా అన్నాడో ఈనాటికీ తేల్చుకోలేకపోయాను.

నాన్న పోయి రెండేళ్ళు. ఈ ఏడు ఆ బోరూ ఎండింది. మిరప మళ్ళీ పూత మీదే ఉంది, వారంలో నీళ్ళందకపోతే ఉన్నదంతా రాలిపోతుంది. చిలకలూరిపేటలో నేను పిల్లలకి లెక్కలు చెప్పుకుంటుంటే అమ్మ ఫోన్ చేసింది. "రిగ్గు వస్తంది. నువ్వొచ్చి చోటు చూపించు. ఆయన కూతురివి." మిషన్ పెట్టి చూసేవాళ్ళున్నారమ్మా అంటే, ఇంట్లో మనిషుండగా బయటోడెందుకంది.

వెళ్ళాను. వాడిన మిరప మధ్య నిలబడితే నాకేమీ తోచలేదు. నాన్న అడుగుల సంగతి చెబితే ఆవిడకి మిగిలిన నాన్నని తీసేసుకున్నట్టు, చెప్పకపోతే చేతులారా పంట పోగొట్టినట్టు. కోపం కూడా వచ్చింది నాన్న మీద, ఈ గుట్టు నా నెత్తిన పెట్టి పోయాడని. చివరికి వెనక్కొచ్చి గడప దగ్గర నుంచి అడుగులు లెక్కపెట్టాను. అమ్మ ఇప్పుడు చేతికర్ర లేకుండా కదల్లేదు. ఇరవై దగ్గర ఆగి రాయి పెట్టాను. ఎండిన బోరుకి అంత దగ్గరలో ఇంకోటి వెయ్యకూడదని తెలిసి కూడా పెట్టాను.

అమ్మ మెల్లగా వచ్చి రాయి వంక చూసింది.

"ఆయన నలభై వేశాడు. నువ్వు ఇరవైకే ఆగావేం?"

"నీకు తెలుసా?" అన్నాను.

"వంటింటి కిటికీలోంచి చూస్తన్నాగా. చూళ్ళేదనుకున్నాడు పిచ్చి మనిషి."

"మరి తెలిసీ అక్కడే ఎందుకు వేయించావు?"

"పడితే పడతయ్యి, లేకపోతే లేదు. నా కోసం వేసిన అడుగులు ఎట్టా కాదంటానే?"

రోడ్డు మీద రిగ్గు లారీ హారన్ వినిపించింది. నేను ఆ రాయి తీశాను. ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ అక్కడే పెట్టాను.