మూడో ఆదివారం వచ్చిన అభ్యంతరం

మొన్న గుడిలో ఎవరిదో పెండ్లి ప్రకటన చదివారు. ఫలానా వారి అబ్బాయికీ ఫలానా వారి అమ్మాయికీ వివాహం, అభ్యంతరం ఉన్నవారు తెలియజేయవచ్చునని. ఎవరూ తెలియజేయరు. మూడు ఆదివారాలు అలా చదవడం మా క్రైస్తవ సంఘాల ఆనవాయితీ, అంతే. ఆ కాసేపూ జనం తర్వాతి పాట వెతుక్కుంటారు. నేను మాత్రం ఇప్పటికీ ఎవరు లేస్తారోనని చుట్టూ చూస్తాను. డెబ్భైల చివర్లో, పామర్రులో, నా పెళ్ళి ప్రకటనకు ఒక మనిషి లేచి అభ్యంతరం చెప్పింది. ఆ మనిషి సాక్షాత్తూ పెళ్ళికొడుకు చెల్లెలు, నా మేనత్త కూతురు.

నాకంటే రెండేళ్ళు చిన్నది. ఇరవై ఏళ్ళొచ్చినా పదేళ్ళ పిల్లంత ఉండేది, గొంతు కూడా చిన్నపిల్ల గొంతే. ఎండ తగిలితే బుగ్గలు ఎర్రగా కంది పొక్కేవి. గవర్నర్‌పేటలో డాక్టరుగారు ఎండ పడదని పూతమందు ఇచ్చి పంపేవారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం పెద్దరోగమని, కుష్టేనని తేల్చేశారు. ప్రభువు బల్ల దగ్గర ద్రాక్షరసం తాగడానికి అందరికీ ఒకటే గిన్నె. ఇది మోకరిస్తే దీని తర్వాత తాగడానికి ఎవరూ వచ్చేవారు కాదు, పిల్లాడు ఏడుస్తున్నాడంటూ వెనక్కి జారుకునేవారు. కొన్నాళ్ళు చూసింది. ఆ తర్వాత పాట పూర్తికాకముందే నడిచి వెళ్ళి అందరికంటే ముందు మోకరించడం మొదలుపెట్టింది. ఇక గిన్నె ముట్టాలంటే దాని తర్వాతే ముట్టాలి. "పరలోకానికి పోయేవాళ్ళు నా ఎంగిలికి భయపడితే ఎట్టా వదినా?" అని పకపకా నవ్వేది.

మా నాయనమ్మ తన కూతురిని, అంటే మా మేనత్తను, తన అన్న కొడుక్కే ఇచ్చి చేసింది. ఇప్పుడు ఆ మేనత్త కొడుక్కి నన్నిస్తానంది. బావ ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేసేవాడు. శనివారం సాయంత్రం బస్సు దిగి వస్తే చొక్కాకు గ్రీజు వాసన. ఆ వాసన నాకిష్టం. దాచేదేముంది, మనిషే ఇష్టం.

మరదలికి పాఠాలు చెప్పే మేడం ఒకావిడ ఉత్తరం రాసిచ్చి హైదరాబాదులో ఒక పరిశోధనశాలకు పంపింది. అక్కడ రక్తం తీసుకుని, కణాల్ని మూడు రోజులు చీకట్లో పెంచి, రంగు వేసి చూశారట. మా రెండో ప్రకటన అయిన వారంలో ఫలితం కోసం మళ్ళీ వెళ్ళి, ఒక ఫోటో పట్టుకొచ్చింది. వంటింట్లో నేను బియ్యం ఏరుతుంటే చాటలో పెట్టి చూపించింది. కణం రెండయ్యే ముందు ఒక్కో క్రోమోజోమూ తన నకలు తయారుచేసుకుంటుందట. ఆ రెంటినీ అక్కచెల్లెళ్ళంటారట. రంగు వేస్తే ఒకటి నల్లగా, ఒకటి తెల్లగా కనిపించాలి. ఎవరిలోనైనా అక్కడక్కడ ముక్కలు మార్చుకుంటాయి. దీని ఫోటోలో మాత్రం ఎక్కడ చూసినా నలుపు తెలుపు గళ్ళే, గళ్ళ లుంగీ ఆరేసినట్టు. అదే దీని జబ్బుకు గుర్తట.

"మీ నాయనమ్మ లాంటియ్యే వదినా ఇవి. బయట సంబంధాలు చూడవు, వాటిలో అవే ఇచ్చిపుచ్చుకుంటాయి," అంది. నేను నవ్వాను. అది నవ్వలేదు. ఈ జబ్బు రావాలంటే దోషం తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ రావాలట. బావలో ఉండొచ్చు, నాలో ఉండొచ్చు, బయటికి కనిపించదు, తేల్చే పరీక్షా లేదు. ఇద్దరిలోనూ ఉంటే పుట్టే బిడ్డకు రావచ్చు. చిన్న వయసులోనే కాన్సరు రావచ్చని కూడా డాక్టరు దాచకుండా చెప్పారట. నాయనమ్మ ఆ ఫోటో తిరగేసి చూసి, "దేవుడిచ్చిన రక్తానికి రంగులేసి వంకలు పెడతారా?" అంది. నేను నోరు మెదపలేదు. బావను వదులుకోలేక, వినపడనట్టు రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి, కానీ అదే నిజం.

మూడో ఆదివారం పాస్టరు అయ్యగారు మా ప్రకటన చదివి కాగితం మడవబోతుండగా ఆ సన్నటి గొంతు వినిపించింది. "నాకుందండీ అభ్యంతరం."

నాయనమ్మ కొంగు పట్టి లాగింది. అది విడిపించుకుని బెంచీ ఎక్కింది, లేకపోతే ఎవరికీ కనిపించదు మరి.

"ఏంటమ్మా అభ్యంతరం?" అన్నారు అయ్యగారు, కంగారుగా.

"నేనేనండీ. నా మొహం చూడండి. మా అమ్మా నాన్నది మేనరికం. మళ్ళీ మేనరికమే చేస్తన్నారు. ఇట్టాంటి బిడ్డే మా వదినకీ పుట్టొచ్చని డాక్టరు చెప్పాడు. నా తర్వాత గిన్నె ముట్టడానికి భయపడినోళ్ళు, ఈ పెళ్ళికి భయపడరేంటండీ?"

మగవాళ్ళ వైపు నుంచి బావ లేచాడు. నావైపు చూడలేదు. "ఆపెయ్యండి అయ్యగారూ," అన్నాడు.

ఆర్నెల్లు దానితో మాట్లాడలేదు. చివరికి నేనే ఉండబట్టలేక అడిగాను, "ఏమీ జరక్కపోయేదేమో గదే?" అని.

"జరక్కపోతే బతికినన్నాళ్ళూ నన్ను తిట్టుకో వదినా, పడతాను. జరిగితే ఎవర్ని తిడతావు, ఆ బిడ్డనా?"

బావా నేనూ వేరువేరు ఇళ్ళవాళ్ళమయ్యాం. నా పిల్లలు మిట్టమధ్యాహ్నం ఎండలో ఆడి ఆడి నల్లబడి ఇంటికొచ్చేవారు. వాళ్ళను తిట్టడానికి నాకెప్పుడూ నోరు రాలేదు. మరదలు ముప్పై నిండకుండానే పోయింది, డాక్టరు చెప్పిన ఆ కాన్సరుతోనే. నేను డెబ్భైకి దగ్గరపడ్డాను. ఇన్నేళ్ళలో నోరు మూసుకుని గడిపిన రోజులు తీసేసి చూస్తే, మా ఇద్దరిలో ఎక్కువకాలం బతికింది అదే.