నడుం బిళ్లకు అక్షింతలు

"ఊరిబిండిలో ఉప్పు లేదు."

"ఉప్పు ఉండాది. నీ నోరే సచ్చింది. తిను."

నేనూ నా మొగుడూ చివరగా మాట్లాడుకున్న మాటలు ఇవే. నా మాటకు ఆయన జవాబు చెప్పలేదు. రోషం వచ్చిందనుకుని పచ్చడి గిన్నె తీసుకుని లోపలికి పోయాను. తిరిగొచ్చేసరికి మనిషి లేడు. వేరేవాళ్ల మొగుళ్లు పోయేముందు "జాగ్రత్త" అంటారట, చెయ్యి పట్టుకుంటారట. నా కాపురం ముప్పై ఏళ్లు నడిచి ఉప్పు దగ్గర ఆగింది.

భయపడకండి, ఏడిపించను. చావు సంగతి చెప్పడానికి కూర్చోలేదు. అంతకంటే ఘోరమైనది ఒకటుంది. ఎనిమిదేళ్ల కింద నేను చేసిన తెలివితక్కువ పని. గనిలో మందు పెట్టి పేలిస్తే ఒక బండ పగులుతుంది. నేను పిడికెడైనా లేని బియ్యంతో కర్నూలులో ఒక ఆపరేషన్ గదిని మొత్తం ఆపేశాను. వినండి, నవ్వండి. నవ్వేవాళ్లకు నేను అడ్డం రాను.

నాకు రాయడం రాదు. వేలిముద్ర నుంచి సంతకం దాకా ఎక్కాను, అక్కడే ఆగిపోయాను. నేను చెప్తుంటే మా మరిది ఉసేని రాస్తున్నాడు. ఆయనకు సొంత తమ్ముడు, పీర్లకు మొక్కితే పుట్టాడని ఆ పేరు. ఆయన పేరు నోటితో పలికే అలవాటు నాకు లేదు, అదీ మరిదే రాసుకుంటాడు: మద్దిలేటి.

మాది బేతంచెర్ల పక్కన ఊరు. ఆయన గనిలో నాపరాళ్లు లేపేవాడు. నేను ఇళ్లలో బండలు పరిచే మేస్త్రి కింద పనిచేసేదాన్ని. పరిచిన బండను వేలితో కొట్టి, మోత విని, కింద మట్టి నిండుగా ఉందో ఖాళీ ఉందో చెప్పేదాన్ని. ఖాళీ ఉంటే ఆ బండ ఏడాది తిరక్కుండా పగులుతుంది. ఈ ఒక్క విద్య నాకొచ్చు. ఈ ఒక్క విద్యే మా కొంప ముంచింది.

ఇరవై ఏళ్లు బండలు లేపితే నడుం ఊరుకుంటుందా? ఒకరోజు వంగిన మనిషి లేవలేదు. ఎడమ కాలిలో తిమ్మిరి మొదలైంది. కర్నూలుకు తీసుకుపోయాం. ఆసుపత్రి పేరెందుకు, తప్పు వాళ్లది కాదు.

డాక్టరు బద్వేలు మనిషి. బల్ల మీద ప్లాస్టిక్ వెన్నెముక పెట్టి చూపించాడు.

"చూడమ్మా, ఈ రెండు ఎముకల నడుమ మెత్త ఉంటాది. ఈయనకు అది నలిగిపోయింది. పైఎముక వచ్చి కిందెముక మీద కూర్చునింది. నడుమ నరం ఇరుక్కునింది. అందుకే ఎడమ పాదం పట్టు తప్పతాంది. ఆ ఎముకలను తొందరగా ఎడం చేయాల. పాదం పూర్తిగా పడిపోయిందంటే మళ్లీ లేస్తాదని నేను మాటియ్యలేను."

"ఎడం ఎట్ల చేస్తావు సారూ?"

సొరుగులోంచి ఒక చిన్న బిళ్ల తీసి నా అరచేతిలో పెట్టాడు. చింతపిక్క కంటే పెద్దది, ఖర్జూరం కంటే చిన్నది. పైనా కిందా రంపం పళ్లు. ఒకవైపు ఎత్తు, ఒకవైపు తక్కువ. మధ్యలో కిటికీ లాగా ఇటు నుంచి అటు బొక్క. నేను దాన్ని బేరానికొచ్చిన గొర్రెపిల్లను చూసినట్టు తిప్పి తిప్పి చూశాను.

"ఈ పండ్లెందుకు?"

"జారకుండా. లోపలికి పోయేటప్పుడు పోతాది. వెనక్కి రమ్మంటే రాదు."

మంచం మీద బోర్లా పడుకున్న ఆయన అక్కడి నుంచే అందుకున్నాడు. "మా సుంకమ్మ మాదిరి సారూ. మా ఇంట్లోకి వచ్చింది, మళ్లీ పుట్టినింటికి పోతే ఒట్టు."

"నువ్వు పడుకోయ్యా. సారూ, ఒకపక్క ఎత్తెందుకు?"

"నడుం గుంజ మాదిరి నిటారుగా ఉండదమ్మా. వంపు ఉంటాది. ముందరపక్క ఎత్తుంటేనే ఆ వంపు నిలుస్తాది. లేకుంటే మనిషి ముందరికి వాలిపోతాడు."

"వాటం! నీళ్లు పోయేకి మేమూ బండలకు వాటం ఇస్తాం సారూ!" అన్నాను. ఆ క్షణంలో నేనూ డాక్టరూ ఒకే బడిలో చదువుకున్నామనిపించింది. ఆ పొగరు చూడండి.

"మరి ఈ బొక్క?"

"అదే అసలు సంగతి. ఆయన తుంటి ఎముకలో రవ్వంత గీకి ఆ బొక్కలో కూరుతాం. పైఎముకా కిందెముకా ఆ కిటికీలోంచి పెరిగి ఒకటైపోతాయి. ఈ బిళ్ల ఊరికే వాటిని ఎడంగా పట్టుకునుంటాది. అతుక్కునేది ఎముకే."

"నడుం బాగుచేసేకి తుంటి పాడుచేసేదేంది సారూ? చేను ఎండిందని బావి పూడ్చినట్టుండాదే!"

డాక్టరు నవ్వాడు. "రవ్వంతేనమ్మా. దిగులు పడొద్దు."

దిగులు పడొద్దంటే దిగులు పడకుండా ఉండే ఆడది రాయలసీమలో పుట్టిందా? ఆ వారమంతా నాకు రెండే ఆలోచనలు. ఒకటి, ఆయన తుంటిని కోయకుండా ఎట్లా తప్పించాలి. రెండు, కింద ఖాళీ పెట్టి మీద బరువు వేస్తే పగలదా? డాక్టరుకు చదువుంది గానీ బండలు పరిచిన అనుభవం ఏది?

మధ్యలో మంత్రాలయం పోయి ఆయన పేరున మొక్కుకుని వచ్చాను. వాళ్లిచ్చిన అక్షింతలు కొంగున ముడేసుకున్నాను. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకున్నారంటారు. నేను ఆపరేషన్‌కు పోతూ అక్షింతలు కొంగున కట్టుకున్నాను. పిల్లే నయం, అరిచి దిగిపోయి ఉండేది.

ఆపరేషన్ రోజు పొద్దున ఆయన్ను లోపలికి తీసుకుపోయారు. బిళ్ల పెట్టె తెచ్చినవాడు కింద ఉసేని చేతికిచ్చి, "నేరుగా లోపల నర్సమ్మకే ఇయ్యి" అన్నాడట. వీడేం చేశాడు?

"వదినా, ఇది పట్టుకో. టీ తాగొస్తా."

రాయప్పా ఉసేనీ, అదీ రాయి. నా తప్పులన్నీ వరసగా రాసి నీ టీ మాత్రం మింగేస్తావా?

పెట్టె నా ఒళ్లో పడింది. పైన ఏవో అక్షరాలు, పక్కన గుండ్రంలో అడ్డగీత కొట్టిన బొమ్మ. ఆ అడ్డగీత నాకు తెలుసు. బస్సులో బీడీ తాగొద్దని వేస్తారు. నేను బీడీ తాగను కదా, నాకేం భయం? తెరిచాను. లోపల ఒక కవరు. చించాను. దాని లోపల ఇంకో కవరు. ఉల్లిగడ్డ మాదిరి పొర మీద పొర. ఇంతగా దాచారంటే చాలా విలువైనదే అనుకున్నాను గానీ, ఎవరి చెయ్యీ తగలకూడదని దాచారన్న బుద్ధి పుట్టలేదు.

బిళ్ల బయటికొచ్చింది. బొక్క ఖాళీగా నన్నే చూస్తోంది. మా వైపు ఎవరింటి గిన్నెనైనా ఖాళీగా తిప్పి పంపరు, నాలుగు గింజలైనా వేసి ఇస్తారు. అట్లాంటిది, కట్టుకున్నవాడి ఒంట్లోకి ఖాళీది పంపుతానా? కొంగు ముడి విప్పాను. కుంకుమ బరిణె నా దగ్గరే ఉంది, ముందు బిళ్లకు బొట్టు పెట్టాను. తర్వాత బొక్క నిండా అక్షింతలు కూరి బొటనవేలితో అదిమాను. గోటితో కొట్టి చూశాను. నిండు మోత! ఇంక తుంటిని ముట్టుకునే పని లేదు. ఆ సంతోషం చెప్పలేను. ఆయనకో కోత తప్పించిన మహాతల్లిని నేను.

చించిన కవరు ఎట్లా మూయాలి? అప్పుడు నాకు బొట్టు పెట్టుకునే రోజులు. అట్టకున్న బొట్టుబిళ్లలు తీసి వరసగా నాలుగు అంటించాను. చూడముచ్చటగా ఉంది. పెట్టెలో పెట్టి తలుపు దగ్గర నర్సమ్మకిచ్చి, చేతులు జోడించి బల్ల మీద కూర్చున్నాను.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. నర్సమ్మ పళ్లెం పట్టుకుని బయటికొచ్చింది. పళ్లెంలో నా బొట్టుబిళ్లలు.

"ఇవి ఎవరివి?"

"నావేనమ్మా."

"లోపల ఈ మెతుకులేంది?"

"మెతుకులు గాదమ్మా, అక్షింతలు. మంత్రాలయంవి."

ఆమె నన్ను, తర్వాత పైకప్పును, తర్వాత మళ్లీ నన్ను చూసి లోపలికి పరుగెత్తింది. ఈసారి డాక్టరే వచ్చాడు. ముఖానికి గుడ్డ ఉంది, కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కళ్లు చాలు.

"అమ్మా, దీనికి గాలి గూడా తగలగూడదు. నువ్వు పసుపు పూసినావు."

"పసుపు మంచిదే గద సారూ. తెగిన చోట మేమదే పెడతాం."

"తెగిన చోట పైన పెడతావు. ఎముకల సందులో పెట్టి కుట్టేస్తే చీము పడతాది. మనిషికే ముప్పు."

"కడిగితే పోదా? నేనే కడిగిస్తా. బోరింగు యాడుండాది?"

డాక్టరు పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. అప్పుడు టీ వాసనతో ఉసేని వచ్చాడు. "ఏమైంది వదినా, అందరూ ఈడ నిలబడినారు?"

"ఇంకోటి పెట్టు సారూ," అన్నాను. "నీ దగ్గర సొరుగులో ఒకటుండాది గదా."

"అది చూపిచ్చేకి పెట్టుకున్నది. ఈడ ఉండేవాట్లో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. పొట్టిది పెడితే కదులుతాది. పొడుగుది దిగ్గొడితే ఎముకే చిట్లుతాది. ఈయన కొలతది హైదరాబాదు నుంచి రావాల."

అది నాకొచ్చిన విద్యే కదా. వదులు బండ ఊగుతుంది, బిగువు బండ పగులుతుంది. డాక్టరుకు బండల అనుభవం లేదనుకున్నది నేనే.

ఆయన్ను బయటికి తోసుకొచ్చారు. "ఏమే, అప్పుడే అయిపాయనా? నొప్పే తెలీలేదే!"

"కాలేదన్నా," అన్నాడు ఉసేని. "వదిన బిళ్లకు అక్షింతలేసింది."

ఆయన నవ్వాడు చూడండి! బండి ఊగిపోయింది. "ఓసి నీ భక్తి పాడుగాను! నవ్వియ్యొద్దే, నడుం పట్టుకుంటాది!" కళ్లలో నీళ్లు కారుతున్నాయి. నవ్వుకా నొప్పికా, నేను అడగలేదు.

కొత్త బిళ్ల రావడానికీ, ఆపరేషన్ రోజు మళ్లీ దొరకడానికీ పన్నెండు రోజులు పట్టింది. ప్రతి పొద్దునా నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చునేదాన్ని.

"పాదం ఎత్తయ్యా."

"ఎత్తినా."

"ఎత్తలేదు."

"ఎత్తినానే! నీకు కనపడకుంటే నేనేం చేసేది?"

ఐదో రోజు బొటనవేలు మాత్రం కదిలింది. ఎనిమిదో రోజు అదీ లేదు. పదో రోజుకు పాదం దండెం మీద తడిగుడ్డలా వేలాడింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. అడుసు తొక్కింది నేను. కాలు పోయింది ఆయనది.

ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగింది. ఆరు నెలల తర్వాత డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూపించాడు. బిళ్ల అందులో కనపడదు. లోపల ఎముక పెరిగిందో లేదో తెలియాలని దాన్ని ప్లాస్టిక్ లాంటి సరుకుతో చేస్తారట. అదెక్కడుందో చెప్పడానికి రెండు లోహపు చుక్కలు మాత్రం మెరుస్తాయి. ఆ చుక్కల నడుమ తెల్లగా, మబ్బు తునకలా ఎముక.

"రెండెముకలూ ఒకటైనాయి. ఇంత బాగా అతుక్కున్నది నేను శానా తక్కువ చూసినా," అన్నాడు డాక్టరు.

ఆయన ఆ తెల్లటిదాన్ని తేరిపార చూశాడు. "మా ఆడది యేసిన గింజలు మొలిసినట్టుండాయి సారూ!"

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. పాదం మాత్రం లేవలేదు.

ఊళ్లో ఎవరడిగినా ఆయన ఒకటే చెప్పేవాడు: "డాక్టరు లీవులో ఉన్న్యాడు, ఆలస్యమైంది." నన్ను ఒక్కమాట అనలేదు. ఒకసారి నేనే పోట్లాడాను.

"తిట్టయ్యా! ఒక్కసారి తిట్టు. నాకు నిద్ర పడతాది."

"ఏమని తిట్టాల? నా తుంటి కోస్తారని ఏడ్చినావు. దానికి తిట్టాల్నా?"

ఇంతకంటే పెద్ద తిట్టు ఉందేమో మీరే చెప్పండి.

ఇక అసలు తమాషా. పాదంలో స్పర్శ లేదు కాబట్టి ఎడమ చెప్పు జారిపోయినా ఆయనకు తెలిసేది కాదు. ముందు ఆయన ఈడుస్తూ పోవడం, వెనక నేను చెప్పులు ఏరుకుంటూ పోవడం. సంతలో ఒకటి, బస్టాండులో ఒకటి. ఒకసారి ఎవరి పెళ్లిలోనో ఎవరి చెప్పో తెచ్చి తొడిగాను. చూసినవాళ్లు "మొగుడి వెనక ఎంత అణకువగా నడుస్తాంది సుంకమ్మ!" అని కోడళ్లకు చూపించేవాళ్లు. అణకువా నా బొందా! కళ్లు నేల మీద, చెప్పు మీద. ఏడేళ్లు నేను ఆయన వీపు కూడా సరిగా చూడలేదు.

గనిలో ఇన్నేళ్లు పీల్చిన రాతిదుమ్ము పోయినేడు, ఆ ఊరిబిండి ముద్ద దగ్గరే, ఆయన ఊపిరిని తినేసింది. పాడె లేచింది. మా చెల్లెలు నా భుజం పట్టుకుని పక్కనే నడుస్తోంది. నేను తల వంచుకుని పాడె వెనకే, అటూ ఇటూ చూస్తూ పోతున్నాను.

"అక్కా, తలెత్తు. అంత కుంగిపోతే ఎట్ల?"

"కుంగలేదే. చూస్తాండా."

"ఏం చూస్తాండావు?"

అప్పుడు తెలిసింది, ఏం చూస్తున్నానో. దుమ్ములో ఎడమ చెప్పు కోసం వెతుకుతున్నాను. ఆయన వట్టికాళ్లతో నలుగురి భుజాల మీద పోతున్నాడు. ఏదీ జారదు. నాకింక పని లేదు. నడిరోడ్డు మీద నవ్వొచ్చింది. ఏడుస్తున్నానని అందరూ పట్టుకున్నారు. సరే, ఏడుపే అనుకోనీ అని ఊరుకున్నాను.

కాబట్టి అందరి ఎదుట, మా ఊరి అమ్మవారు సుంకులమ్మ సాక్షిగా ఒట్టు పెడుతున్నాను. ఒకరు మూసినదాన్ని ఇకమీద నేను తెరవను. సబ్బుపొడి పొట్లమైనా సరే, చదువొచ్చినవాళ్లను పిలిపిస్తాను. ఖాళీగా కనబడిందని దేన్నీ నింపను. ఇప్పుడు ఆయన మంచం ఖాళీగానే ఉంది. దాని మీద ఉతికిన గుడ్డలు కూడా పెట్టడం లేదు.

చాలప్పా ఉసేనీ, ఇంక కలం పక్కన పెట్టు. రాసిందంతా నాకొకసారి చదివి ఇనిపిచ్చు. తొందరేం లేదు, నిదానంగా చదువు.