రిమ్ములు తిరగేసిన జీపు

తొంభైల చివరి మాట. మా ఆయన నర్సీపట్నం నుంచి కొయ్యూరు మీదుగా కొండ ఊళ్లకు జీపు తోలేవాడు. సొంత బండి. ఇంట్లో నేను పదిసార్లు అరిచినా వినపడేది కాదు గానీ, వాకిట్లో ఆ బండి చిన్నగా దగ్గితే చాలు, అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. ఒకసారి ఇంజను సామాను కోసం విశాఖపట్నం వెళ్లి, అక్కడెవరిదో జీపుకి వెడల్పు టైర్లు చూసొచ్చాడు. ఇక చూసుకోండి, లేస్తే టైర్లు, కూర్చుంటే టైర్లు. బురదలో ఆ టైరు పట్టినట్టు ఇంకేదీ పట్టదట. వానలొస్తే కొండ జీపులన్నీ ఆగిపోతాయి కదా, ఆ జీపు జన్మలో ఎప్పుడైనా బురద చూసిందా అని అడిగాను. నీకేం తెలుసు ఊరుకోమన్నాడు. నాకు తెలియదు, నిజమే. ఆయనకీ తెలియదని తర్వాత తేలింది.

టైర్ల షాపులో ఒక చిక్కొచ్చింది. మా పాత టైర్లు సన్నవి. వాటి బదులు వెడల్పువి బిగిస్తే, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు ముందు చక్రం లోపల, బండి బరువు మోసే కమాను పట్టీలకి రాసుకుంటోంది. దానికి వాళ్ల దగ్గర ఒక ఉపాయం ఉంది. ఇనుప రిమ్ము పళ్లెంలా ఒక పక్క లోతుగా ఉంటుంది కదా, దాన్ని తిరగేసి బిగిస్తే చక్రం మొత్తం బయటికి జరుగుతుంది, లోపల ఖాళీ దొరుకుతుంది. ఆఫ్‌సెట్ అంటారట దాన్ని. నాలుగు చక్రాలూ అలా తిరగేయించి, పాత టైర్లు అక్కడే ఇచ్చేసి వచ్చాడు. చూద్దును కదా, చక్రాలు రెండు పక్కలా మడ్‌గార్డులు దాటి బెత్తెడేసి బయటికొచ్చి ఉన్నాయి. పోట్లాటకి కాళ్లు ఎడం చేసి నిలబడ్డ పొట్టేల్లా ఉంది బండి. చినుకు పడితే చాలు, ఆ చక్రాలు చిమ్మే బురదంతా ఎక్కి దిగేవాళ్ల చీరల మీదే. ఆ సంగతి మీద నేను తిట్టని పూట లేదు.

ఆయన మాత్రం ఆదివారం చర్చి ముందు అందరికీ కనపడేలా పెట్టాడు. ఆరాధన అయ్యాక కుర్రాళ్లు చుట్టూ మూగి టైర్లు నొక్కి చూశారు, పెద్దలు కూడా ఆగి అడిగారు. ఆయన ముఖంలో ఆ వెలుగు చూసి నా ఒళ్లు మండింది. ఆ తర్వాత ఆ బండి నాతవరం, రోలుగుంట రోడ్ల మీద పెళ్లివాళ్లని తిప్పింది తప్ప కొండ ఎక్కింది లేదు. అప్పటికి వానలు పట్టుకుని, పై ఊళ్లకు జీపులన్నీ ఆగిపోయాయి.

మా ఆడపడుచు, అంటే మా ఆయన చెల్లెలు, ఆ పై ఊళ్లలో ఒకదాంట్లో ఉండేది. వాళ్లాయన అక్కడి బడిలో మాస్టారు. అప్పటికే ఇద్దరు పిల్లలు కడుపులోనే పోయారు ఆ తల్లికి. ఇది మూడో కాన్పు. బిడ్డ అడ్డంగా ఉందనీ, నొప్పులు మొదలవక ముందే కిందికి తెచ్చేయమనీ, కొండ మీద నొప్పులొస్తే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదనీ ఇక్కడి డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. వాన తెరిపివ్వగానే తెద్దామనుకున్నాం. అది తెరిపివ్వలేదు. ఒకరోజు పొద్దున్నే మాస్టారు పంపిన మనిషి తడిసి ముద్దయి మా వాకిట్లోకొచ్చాడు. నొప్పులు మొదలయ్యాయి, బేగి రమ్మన్నారని చెప్పాడు.

మా ఆయన తాళం తీసుకుంటూ నా వైపు చూశాడు.

"ఇలాటి రోజు కోసమే కదా ఏయించినాను ఈ టైర్లు."

దుప్పట్లు, పాత చీరలు మూటగట్టుకుని ఎక్కి కూర్చున్నాను.

కొయ్యూరు దాటే వరకూ తారు రోడ్డు, బాగానే పోయాం. తర్వాత మట్టి బాట. ఎన్నో ఏళ్ల నుంచి జీపులు తిరిగి తిరిగి ఆ బాటలో రెండు గాళ్లు పడిపోయాయి, మోకాలి లోతు ఉంటాయి కొన్నిచోట్ల. ఏ జీపైనా రెండు చక్రాలు ఆ రెండు గాళ్లలో దించుకుని, పట్టాల మీద రైలు పోయినట్టు పోవాల్సిందే. అక్కడ తెలిసింది మాకు. మా చక్రాలు బయటికి జరిగిపోయాయి కదా, మా చక్రాల మధ్య ఎడం ఆ గాళ్ల మధ్య ఎడానికి సరిపోలేదు. ఒక పక్క చక్రాలు గాడిలో ఉంటే రెండో పక్కవి గట్టు మీదున్నాయి. బండి మొత్తం లోయ వైపుకి ఒరిగిపోయింది. పైగా ఆ జిగురు మట్టికి వెడల్పు టైరు మీది గీతలన్నీ పూడుకుపోయి, అరటి దవ్వలా నున్నగా తయారైంది. నేను కొండ వైపు కమ్మీ పట్టుకుని, నా బరువుతో బండి నిలబడుతుందన్నట్టు అటే వాలి కూర్చున్నాను. ఖాళీ బండి కాబట్టి నత్తలా పాకి ఎక్కింది. దిగేటప్పుడు నిండు మనిషిని పడుకోబెట్టి తీసుకురావాలి. ఆ మాట అనాలని నాలిక చివరి దాకా వచ్చింది. ఆయన మెడ మీద చెమట చూసి మింగేశాను.

వెళ్లేసరికి మా ఆడపడుచు మంచం పట్టె పట్టుకుని పళ్లు బిగించి ఉంది. నన్ను చూసి నా చెయ్యి దొరకబుచ్చుకుంది.

"ఈ బిడ్డని నాకు దక్కించు వదినా."

డోలీ కట్టి మోయిద్దామా అన్నారు మాస్టారు. డోలీ మీద ఆసుపత్రికి చేరేసరికి పొద్దు గూకుతుంది. మా ఆయన వాకిట్లో బండి చుట్టూ ఒకసారి తిరిగి, జాకీ తీశాడు. రిమ్ములు మళ్లీ మామూలుగా తిరగేస్తానన్నాడు. అప్పుడు చక్రాలు గాళ్లలో కూర్చుంటాయి, బండి ఒరగదు. మరి తిప్పినప్పుడు కమానుకి రాసుకోదా అని అడిగాను. రాసుకుంటుంది, కాబట్టి స్టీరింగు సగమే తిప్పాలి, మలుపుల్లో ముందుకీ వెనక్కీ ఆడించుకుంటూ దిగాలి అన్నాడు. దారిలో కొండని చుట్టుకుని తిరిగే మలుపులు మూడున్నాయి. చక్రాలు బయటికుంటే బండి లోయలోకి ఒరుగుతుంది, లోపలికుంటే బండి తిరగదు. టైర్ల వెడల్పూ చక్రాల ఎడమూ అని ఇన్నాళ్లూ చర్చి ముందు చెప్పుకున్న గొప్పంతా ఆ రెండు ముక్కల్లోకి వచ్చేసింది. ఒరిగితే పోతాం, తిరగకపోతే ఆలస్యమవుతుంది అన్నాడు. జాకీ కింద బడి తలుపు పలక పెట్టి, మాస్టారూ ఆయనా వానలో నాలుగు చక్రాలూ విప్పి తిరగేశారు. లోపలి నుంచి మా ఆడపడుచు మూలుగు వినపడినప్పుడల్లా మా ఆయన చేతిలో పానా జారిపోతోంది. ప్రభువా, ఆ టైర్లు నేను కొనలేదు, ఆ పిల్లా కొనలేదు, మా మీద ఎందుకు నీకీ పంతం అని నేను దేవుణ్ని కూడా తిట్టాను.

వెనక పరుపేసి ఆమెను పడుకోబెట్టాం. తల మాస్టారి ఒళ్లో పెట్టుకున్నారు. బండి గాళ్లలో కుదురుగా కూర్చుంది. నా పని మలుపుల దగ్గర. మలుపులో బండి సగం తిరిగి, ముక్కు లోయ వైపుకి పెట్టి ఆగుతుంది. అక్కడి నుంచి వెనక్కి తీసి, మళ్లీ తిప్పుకోవాలి. బ్రేకు వదిలి రివర్సు అందుకునే లోపల బండి ముందుకి జారకుండా నేను ఎడమ పక్క ముందు చక్రం కింద రాయి పెట్టాలి. అంచుకి ఇంకా ఎంత ఉందో చెబుతూ ఉండాలి. ఆయన కూర్చునేది కుడి పక్క. నేను చక్రం దగ్గర కూర్చుంటే నా తల కూడా ఆయనకి కనపడదు, నా గొంతొక్కటే వినపడుతుంది.

మొదటి మలుపు అలాగే దాటాం. జానెడుంది, రండి, ఇంకా రండి, బెత్తెడుంది, ఆగండి అని నేను అరుస్తూ ఉన్నాను, మధ్యలో తిడుతూ ఉన్నాను. రాయి పెడుతున్నాను, తీస్తున్నాను. చేతుల తోలు లేచిపోయింది.

రెండో మలుపులో కూడా రాయి పెట్టి, అంచుకి బెత్తెడే ఉందని చెప్పాను. ఆయన రివర్సు వేశాడు. బండి వెనక్కి కదులుతోంది, సరిగ్గానే కదులుతోంది. అప్పుడు నా కాలి కింద మట్టి ఊడిపోయింది. నడుము దాకా కిందికి జారిపోయి, చేతికి దొరికిన తుప్ప పట్టుకున్నాను. ఊపిరి బిగుసుకుపోయి నోట మాట రాలేదు. పైన ఇంజను ఠక్కున ఆగిపోయింది. బ్రేకు పడింది. ఆ జిగురు మట్టిలో బ్రేకు తొక్కకూడదని ఆ దారిన తిరిగే ప్రతివాడికీ తెలుసు. చక్రాలు బిగుసుకుపోయి, వెనక్కి పోవాల్సిన బండి సర్రున ముందుకి జారి అంచు మీదకొచ్చేసింది. నేను పెట్టిన రాయిని తన్నుకుని ఆగింది. టైరు సగం గాల్లో ఉంది, నా తల మీద. లోపల ఆ పిల్ల అన్నియ్యా అని పెట్టిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఎలా పైకి పాకానో తెలియదు. వస్తూనే, కదిలే బండికి బ్రేకెందుకు తొక్కారు, మతి పోయిందా, అందర్నీ చంపుదామనా అని నోటికొచ్చినట్టు కడిగేశాను. ఆయన నా వైపు ఒక్క క్షణం చూశాడు. ఆ ముఖంలో నెత్తురు లేదు. బండి స్టార్టు చేసి, ఈసారి అంగుళం అంగుళం వెనక్కి లాగాడు.

మూడో మలుపులో అంచు విరిగిపోయి ఉంది, ఆడించుకోడానికి చోటు లేదు. రాసుకుంటే రాసుకుందని స్టీరింగు పూర్తిగా తిప్పేశాడు. కమాను పట్టీ టైరుని గీరుతుంటే రబ్బరు కాలిన వాసనొచ్చింది. టైరు అక్కడ పేలితే ఇక చేసేదేమీ లేదు. నేను కళ్లు మూసుకోలేదు, ఆ టైరుకేసే చూస్తూ పక్కన నడిచాను. అది పేలలేదు. కొయ్యూరు దాటి, నర్సీపట్నం ఆసుపత్రి గేటు దాకా గాలితోనే వచ్చింది. అక్కడ చూస్తే పక్క గోడ నూలు పోగులు కనపడేదాకా కోసుకుపోయి ఉంది.

డాక్టరమ్మ వెంటనే ఆపరేషన్‌కి తీసుకెళ్లింది. మాస్టారు గోడకి తల ఆనించి నిలబడిపోయారు. చాలాసేపటికి లోపల చిన్న ఏడుపు వినపడింది. ఆడపిల్ల. తల్లి బాగుందన్నారు. నేను అక్కడే నేల మీద కూలబడి గట్టిగా ఏడ్చేశాను, ఎవరేమనుకుంటారని కూడా చూడలేదు.

నర్సు పిల్లని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చింది. మా ఆయన బయట జీపు పక్కన తడి నేల మీద కూర్చుని ఉన్నాడు. దారంతా దాచిపెట్టుకున్న తిట్లు నా దగ్గర బోలెడున్నాయి, అన్నీ అప్పజెబుదామనే పిల్లని ఎత్తుకుని వెళ్లాను. ఆయన పిల్లకేసి చూశాడు. తర్వాత తల దించుకుని చెప్పాడు.

"రెండో మలుపు కాడ నీ గొంతు ఆగిపోనాది. నువ్వు లోయలోకి ఎల్లిపోనావనుకున్నాను. కాలు దానంతటదే బ్రేకు మీదకెల్లిపోనాది. బండిలో సెల్లి ఉందని గానీ, దాని కడుపులో ఇది ఉందని గానీ నాకు గుర్తే రాలేదు."

ఆయన గ్రీజు చేతులని వెనక్కి దాచుకుంటుంటే, వాటిని లాగి నా కొంగుతో తుడిచి, పిల్లని ఆయన ఒళ్లో పెట్టాను.

చెల్లెలి కోసం, చెల్లెలి బిడ్డ కోసం ప్రాణాలకి తెగించి కొండ దింపాడు మా అన్నియ్య అని మా ఆడపడుచు ఇప్పటికీ వచ్చిన ప్రతివాళ్లకీ చెబుతుంది. ఆ రోజు జీపు పక్కన ఆయన నాతో అన్న మాట ఆమెకి ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.