పుస్తకం కంటే ముందొచ్చిన మనిషి

దయ్యాలనీ, గాలీ ధూళీ అనీ ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. నేను చెప్పబోయేది దయ్యం సంగతి కాదు. పట్టపగలు మా ముందు నిలబడి మాట్లాడిన మనిషి సంగతి. నేనొక్కడినే కాదు, మా బావ కూడా చూశాడు.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మా అక్క భర్త జోసెఫ్ బావా, నేనూ కలిసి నరసరావుపేటలో పుస్తకాలు ప్రచురించేవాళ్లం. అచ్చుయంత్రం బావది. రాతప్రతులు సరిచూడటం, ప్రూఫులు దిద్దటం, పుస్తకాలు భుజాన వేసుకుని ఊరూరా తిరగటం నా పని. పుస్తకమంటే మద్రాసులోనో బెజవాడలోనో పుట్టాలి గానీ, పల్నాడులో జొన్నలు తప్ప ఏం పండుతాయని మమ్మల్ని చూసి నవ్వినవాళ్లున్నారు. మేం పండించాం. సీసపు అక్షరాలు ఏరి, పేర్చి, బిగించి, మొదటి ప్రూఫు తడితడిగా చేతికొస్తే నాకు అన్నం సంగతి గుర్తుండేది కాదు.

రాహేలమ్మగారు మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేసిన పెద్దావిడ. డాక్టరు అందని పల్లెల్లో కాన్పు వస్తే ఏం చేయాలో, ఏం చేయకూడదో తేట తెలుగులో ఒక పుస్తకం రాసి మాకిచ్చారు. మేం వేసిన వాటిలో అంత అవసరమైన పుస్తకం మరొకటి లేదు.

సగం అచ్చయ్యాక కాగితం చాలదని తేలింది. యుద్ధం మూలంగా ఎంత తిరిగినా కొత్త కాగితం పుట్టలేదు. ఏదో ఒక అధ్యాయం తీసెయ్యాలి. బావ చివరిది చూపించాడు. అది పుట్టగానే ఏడవని బిడ్డ గురించి.

"బిడ్డ ఏడవకపోతే ఇంట్లోవాళ్లు ఏడుస్తా కూర్చుంటారు గానీ, పుస్తకం తెరుస్తారంట్రా? తీసేద్దాం," అన్నాడు.

నాకు మనసొప్పలేదు గానీ వేరే దారి కనపడలేదు. సాయంత్రం వెళ్లి రాహేలమ్మగారికి చెబుదామనుకున్నాం.

ఆ మధ్యాహ్నమే ఒక రైతు మా గుమ్మంలోకి వచ్చాడు. ముప్ఫై దాటని మనిషి. ఎడమ కనుబొమ మధ్యలో పెద్ద గాటు. నెత్తిమీద గంపనిండా సీతాఫలాలు.

"అయ్యా, కాన్పుల బుక్కు అచ్చేసింది మీరేనా?"

వేస్తున్నామన్నాను. గంప దించి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మా పిల్ల పుట్టంగానే ఏడవలేదయ్యా. మా అమ్మ గుండెలు బాదుకుంటా ఉంది. మా ఊరి టీచరమ్మ పరిగెత్తుకుంటా వచ్చి మీ బుక్కు తీసి సదివింది. దీపం ఆర్పేట్టు కాదు, పొయ్యిలో నిప్పు రాజేసేట్టు ఊదమని ఉంది గదా, అట్టనే పిల్ల నోట్లో ఊదింది మా అమ్మ. చానాసేపటికి కేరుమంది."

బావ నావైపు చూశాడు. ఆ అధ్యాయానికి ఒక్క అక్షరం కూడా ఇంకా పేర్చలేదు. మా దగ్గరున్న రాతప్రతి తప్ప ఇంకొకటి లేదు.

"ఏ ఊరు నాయనా?" అన్నాను.

"రెంటచింతల అవతల పల్లె. చినవెంకయ్య అంటారు. బండి టైమైంది, వస్తానయ్యా." గంప మా దగ్గరే వదిలేసి స్టేషను వైపు వెళ్లిపోయాడు. వేరే ఏదో పుస్తకం చూసి మాదనుకున్నాడులే అనుకున్నాం. సీతాఫలాలు మా ఇంట్లో అందరం తిన్నాం.

సాయంత్రం రాహేలమ్మగారికి అంతా చెప్పాను. ఆవిడ తన రాతప్రతి తెప్పించుకుని చూశారు. "మెల్లగా ఊదవలెను" అని మాత్రమే ఉంది. దీపం లేదు, పొయ్యి లేదు.

"ఈ మాట నేను రాయలేదబ్బాయ్. కానీ ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. చేర్చు. ఈ అధ్యాయం మాత్రం తీయబాకండి," అన్నారు.

తీయలేదు. నేను ముచ్చటపడి రాసుకున్న ముందుమాట తీసేశాం. మిగతా పేజీలకు చిన్న అక్షరం వాడాం. బావ ఆ వాక్యాన్ని తన చేత్తోనే పేర్చాడు.

పుస్తకం బయటికొచ్చింది. తిరునాళ్లలో, సంతల్లో, చర్చి వాకిళ్లలో అమ్మాను. చదువురాని ఆడవాళ్లు కూడా కొని, చదివేవాళ్ల చేత చదివించుకున్నారు. మద్రాసు నుంచి కూడా ప్రతులు కావాలని అడిగారు. ఆ రోజు బావ అచ్చుయంత్రానికి కొత్త పెళ్లికూతురికి పెట్టినట్టు బొట్టు పెట్టాడు. క్రైస్తవుడివి, ఇదేంది బావా అంటే, ఊరుకోరా అన్నాడు.

యుద్ధం అయిపోయాక ఒకసారి పుస్తకాలు పట్టుకుని మాచర్ల బండిలో రెంటచింతల వెళ్లాను. అవతలి పల్లెలో బడి అరుగు మీద పుస్తకాలు పరుస్తుంటే, చిన్నపిల్లను చంకనేసుకుని ఒక మనిషి వచ్చాడు. అదే మొహం. కనుబొమ మీద అదే గాటు.

"చినవెంకయ్యా!" అన్నాను.

తెల్లబోయాడు. "నా పేరు మీకెట్టా తెలుసయ్యా?"

నన్నెప్పుడూ చూడలేదన్నాడు. నరసరావుపేట ఎప్పుడూ రాలేదన్నాడు. కనుబొమ మీద గాటు ఏందంటే, పోయిన ఏరువాకలో, అంటే మా పుస్తకం బయటికొచ్చిన తర్వాతే, ఎద్దు పొడిచిందన్నాడు. అంతలో అరుగుమీది పుస్తకం చూసి, గుర్తుపట్టి, చంకలో పిల్లను చూపిస్తూ మొదలుపెట్టాడు. ఏడవని బిడ్డ, టీచరమ్మ, దీపం, పొయ్యి. ఒక్క మాట తేడా లేదు. ఆ టీచరమ్మ బడిలోంచి వచ్చి, నిజమేనండీ, మీ పుస్తకం చూసే చదివానని చెప్పింది.

నేనేమీ బయటపెట్టలేదు. ఏమని చెప్పను?

తిరిగొచ్చి బావకూ, రాహేలమ్మగారికీ మాత్రం చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోతారనుకున్నాను. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ ఒకటే అడిగారు.

"పిల్ల బాగుందా?"

"బాగుందమ్మా. నేనున్నంతసేపూ చంకలోంచి దిగి నా పుస్తకాలన్నీ లాగిపోసింది."

"పోన్లే," అన్నారు నవ్వుతూ.

ఆ వాక్యం మేం ఆ మనిషి నోట విని అచ్చువేశాం. ఆ మనిషి మా అచ్చులోంచి నేర్చుకున్నాడు. మొదట ఎవరన్నారో ఎంత ఆలోచించినా నాకు తెగలేదు. మా బావ పోయేదాకా ఆయనకూ తెగలేదు. ఒక్కటి మాత్రం ఎవరడిగినా చెబుతాను. దాన్ని అచ్చువేసింది నరసరావుపేటలో, మేమే.