అద్దంలో నల్లచారలు

బుచ్చిరెడ్డిపాలెంలో మా ముస్లింల పెళ్లిళ్లకు ఆడవాళ్ల వైపు ఫొటోలు తీసేది నేనే. నికా అయ్యాక కొత్త జంట ఒకే దుపట్టా కింద తలవంచి, అద్దంలో ఒకరి మొహం ఒకరు తొలిసారి చూసుకుంటారు. అక్కడ ఫ్లాష్ కొడితే అద్దమంతా తెల్లబడిపోతుంది. అందుకే ఫ్లాష్ లేకుండా తక్కువ వెలుగులోనూ తీయగల చిన్న మిర్రర్‌లెస్ కెమెరా కొనాలనుకున్నాను. షాపులో చూసుకోమని ఇచ్చిన రెండింటినీ ఇంటికి తెచ్చి, వంటింటి తలుపులు మూసి, కొవ్వొత్తి వెలుగులో అమ్మను తీసి చూశాను. చప్పుడు లేకుండా తీసేదాన్నే ఎంచుకున్నాను.

దాంతో వెళ్లిన తొలి పెళ్లిలోనే చిక్కొచ్చి పడింది. దుపట్టా కప్పారు, నేను నొక్కాను. తీరా చూస్తే ఫొటోలో ఇద్దరి మొహాల మీదా నల్లచారలు! ఆ సైలెంట్ మోడ్‌కి హాల్లోని ఎల్‌ఈడీ లైట్లు పడవని నాకేం తెలుసు? దాన్ని ఎక్కడ మార్చాలో ఎన్ని బటన్లు నొక్కినా దొరకలేదు.

"లైట్లు ఆపండి!" అని అరిచేశాను.

పెళ్లికూతురి నానమ్మ గయ్యిమని లేచింది. "ఏంది పాపా, పెళ్లి జరిగే చోట చీకటి చేయమంటావా?"

అందరూ నావైపే చూస్తున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ. అంతలో దుపట్టా కింద నుంచి పెళ్లికూతురు అంది, "ఆపనీ దాదీ. నేనింకా కళ్లు తెరవలేదులే."

లైట్లు ఆరాయి. గొణుక్కుంటూనే ఆ దాదీ కొవ్వొత్తి వెలిగించి పట్టుకుంది. పిల్ల కళ్లు తెరిచింది.

ఆ ఫొటోలో అద్దం, రెండు మొహాలు, అంచున ముడతలు పడ్డ చెయ్యి ఉంటాయి. ఇప్పుడు ఏ పెళ్లి ఒప్పుకున్నా ముందే హాలుకెళ్లి లైట్లు వేయించి, ఒక ఫొటో తీసి చూస్తాను. అయినా సంచిలో ఒక కొవ్వొత్తి ఉండాల్సిందే.